నీటి బొద్దింకను గుర్తుపట్టడం

జూలై 11

ఆయన్ని ఆసుపత్రి నుంచి తెచ్చాక ఇవాళే మొదటిసారి కుట్టుమిషను మీద దుప్పటి తీశాను. బడి పిల్లల కోట్లు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. కొన్నిటికి చేతుల్లేవు, కొన్నిటికి కాలర్లు లేవు. నేను మిషను తొక్కుతూ ఉంటే ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నా పాదాలవైపే చూస్తూ ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పడుకున్న పిల్లిలా కదలకుండా ఉంది. ఎడమచెయ్యి బాగానే ఆడుతోంది.

"టీ తాగుతారా?" అన్నాను.

"సరే."

"ఇప్పుడొద్దా?"

"సరే."

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మనిషి. ఒక్క పురుగు దొరికితే భోజనం చల్లారిపోయేదాకా దాని గురించే మాట్లాడేవారు. ఇప్పుడా నోట మిగిలిన మాట ఇదొక్కటే. పోనీలే, మిగిలిందేదో మంచి మాటే మిగిలింది. "వద్దు" ఒక్కటే మిగిలి ఉంటే నా గతేమయ్యేది?

ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయి. డాక్టరు ఆ మాట అనలేదు. అయినా నాకు తెలుసు.

జూలై 14

మధ్యాహ్నం కునుకులో ఏదో అన్నారు. నా పేరే అనుకుంటాను.

జూలై 19

మాటల పంతులమ్మ వచ్చింది. ఆసుపత్రివాళ్ళు పంపిన పిల్ల. మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ నేర్పడం ఆమె పని. ఓపిక గల మనిషే. బొమ్మల కార్డులు తెచ్చి ఆయన ముందు పరిచింది. కప్పు, తాళం, కుక్క, గొడుగు.

"సార్, తాళం ఏది? చూపించండి."

ఆయన కుక్క మీద వేలు పెట్టారు.

నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు. చంటిపిల్లల బొమ్మలు అవి. అరవై దాటిన మనిషి ముందు పెట్టే బొమ్మలా? గుమ్మం దాకా సాగనంపుతూ అదే అన్నాను.

"కొంతమందికి మాట పోవడంతో ఆగదమ్మా," అంది చెప్పులు వేసుకుంటూ. "ఆ మాట వెనకాల ఉన్న వస్తువు కూడా చెదిరిపోతుంది. చూస్తారు గానీ అదేంటో తట్టదు."

"ఆయనకా తట్టనిది? నీళ్ళలోంచి ఒక్క కాలు పైకి కనిపిస్తే చాలు, ఆ పురుగు పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేవారు!"

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

కుక్కలూ తాళాలూ కాదు, ఆయన కార్డులు ఆయనకి ఇవ్వాలి.

జూలై 22

ఆయన శిష్యుడికి ఫోన్ చేశాను. మడుగు పురుగుల మీద ఆయన రాస్తున్న పుస్తకం ఇప్పుడు ఆ అబ్బాయి చేతిలోనే ఉంది. అబ్బాయి అంటున్నాను గానీ అతనికీ తల నెరిసింది, ఆయన చెప్పిన క్లాసులే ఇప్పుడు అతను చెబుతున్నాడు.

"పుస్తకానికి ఇంకా గుర్తుపట్టాల్సిన ఫోటోలు ఉంటే పంపించు నాయనా. మీ మేష్టారు చూస్తారు," అన్నాను.

 లైను కట్ అయిందేమో అనుకున్నాను.

"ఉన్నాయమ్మా," అన్నాడు. "చాలా ఉన్నాయి. ఇటుకబట్టీల వెనక మడుగులో తీసినవి. పంపిస్తాను."

"తొందర లేదుగా?"

"ఏం లేదమ్మా. మేష్టారికి ఎప్పుడు వీలైతే అప్పుడే."

ఆయనతో చెప్పాను. సరే అన్నారు.

జూలై 27

ఫోటోలు వచ్చాయి. అట్టముక్కల మీద అంటించి అంచులు కత్తిరించాను. బిస్కెట్ డబ్బాల రేకు మూతలు మూడు తీసుకున్నాను. ఒకదాంట్లో నీటి బొద్దింకలు, ఒకదాంట్లో నీటి తేళ్ళు, మూడోదాంట్లో పెంకుపురుగులు. నీళ్ళలో బతికే ఈ మూడింటినీ ఒకదాన్ని చూసి మరొకటి అనుకుంటారట జనం. కుర్ర విద్యార్థులకి ఆయన మొదట నేర్పేది ఇదే.

నేనూ నేర్చుకోవాలి కదా, ఆయన తప్పు పెడితే తెలియాలి కదా. వినకుండానే విన్నానని ఇవాళే తెలిసింది. నేను గుండీలు కుడుతూ ఊఁ కొడుతూ ఉంటే ఆయన చెప్పినవన్నీ చెవిలో ఎక్కడో దాక్కుని ఉన్నాయి.

మొదట వీపు చూడాలి. పెంకుపురుగు వీపు మీద నడుమ నిట్టనిలువు కుట్టు ఉంటుంది, రెండు పెంకులూ అంచుకి అంచు కలిసి జిప్పు వేసినట్టు. నీటి బొద్దింకకి అలా కాదు. ఒక రెక్క మీదికి ఇంకో రెక్క ఎక్కుతుంది, పెద్ద కోటుకి ముందు అంచు మీద అంచు వేసినట్టు. రెక్కల చివర పలచటి పొర. ఒకసారి ఆయన భూతద్దం ఇచ్చి చూపించి, "చూడవోయ్, నీకన్నా ముందు పుట్టిన దర్జీ," అన్నారు. ఆ వేళ నాకు కోపం వచ్చింది. కాలర్ సరిగ్గా కుదరక నేను ఏడుస్తూ ఉంటే మధ్యలో ఈయన బొద్దింక కోటు ఒకటి!

తరవాత తోక. నీటి తేలుకి వెనకాల దారంలాంటి పొడుగాటి గొట్టం ఉంటుంది. దాన్ని పైకి పెట్టి గాలి పీలుస్తుంది. నీటి బొద్దింకకీ గాలి గొట్టమే, కానీ పొట్టి. ఉందా లేదా అన్నట్టు రెండు చిన్న పట్టీలు. ముందుకాళ్ళు పట్టకారుల్లా ముడుచుకుని ఉంటాయి. ఇంట్లో తిరిగే బొద్దింకకి మీసాలు బారెడు. దీనికి కనపడనే కనపడవు, కళ్ళ కింద దాచేసుకుంటుంది.

ఉండే చోటు కూడా చూడాలి. పారే నీళ్ళలో వెతికి లాభం లేదు. నిలవ నీరు, తుంగ, నాచు, ఒడ్డుకి దగ్గర, మోకాలి లోతు. తలకిందులుగా వేలాడుతూ చేపపిల్ల కోసం కాచుకుని ఉంటుంది.

చిన్న రకంలో ఆడది గుడ్లు మగదాని వీపు మీద అంటించేసి తన దారిన తను పోతుంది. పిల్లలు బయటికొచ్చేదాకా మోసేది మగదే. "నన్ను చేసుకుని నువ్వెంత నష్టపోయావో చూశావా?" అనేవారు అమ్మాయి చంటిపిల్లగా ఉన్నప్పుడు. అని, మళ్ళీ మడుగుకే వెళ్ళిపోయేవారు.

ఆగస్టు 2

ఇవాళ పదింటిలో ఆరు సరిగ్గా పెట్టారు.

ఆగస్టు 5

ఏడు. ఒకటి మొదట తేళ్ళ మూతలో పెట్టబోయి, ఆగి, తీసి బొద్దింకల్లో పెట్టారు! ఆలోచిస్తున్నారన్నమాట.

ఆగస్టు 13

అన్నీ! ఒక్కటి కూడా తప్పు లేదు. నాకు కుర్చీలోంచి లేచి గంతెయ్యాలనిపించింది. ఆయన నన్ను చూసి నవ్వారు. ఒక పక్కే నవ్వు, అయినా నవ్వే.

వెనక ఏ కార్డు ఏ మూతలోదో రాసి శిష్యుడికి పంపించాను. పైన "మీ మేష్టారు గుర్తుపట్టినవి" అని రాశాను.

మాటల పంతులమ్మ వచ్చింది గానీ ఇవి చూపించలేదు. ఆమె కుక్కలు ఆమెవి.

ఆగస్టు 17

అమ్మాయి వచ్చింది. ఊరికి ఆ చివర మందుల షాపు దానిది. షాపు మూసి వచ్చేసరికి ఒళ్ళంతా మందుల వాసన. మళ్ళీ అదే పాట. వాళ్ళింటి పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయట, మమ్మల్ని వచ్చెయ్యమంటుంది.

"నువ్వొక్కదానివే ఆయన్ని లేవదీసి, కూచోబెట్టి, మళ్ళీ ఆ మిషను తొక్కి... నీ నడుం ఏమైపోతుందే అమ్మా?"

"ఆయనకి పనుంది. పుస్తకం పని."

"పనా?"

"అవును, పనే. మీ నాన్న మునుపటి మనిషి అవుతున్నారు. నీకు చూసే తీరిక లేదు."

అది నా మొహంలోకి చూసి వంటింట్లోకి పోయింది. గిన్నెలు కడిగి పెట్టి వెళ్ళింది. అనవసరంగా అన్నాననిపించింది. కానీ అన్నది నిజమే.

ఆగస్టు 30

శిష్యుడు పంపిన కొత్త ఫోటోల్లో ఒకటి తికమకగా ఉంది. పొట్టిగా, గుండ్రంగా, పసుపుపచ్చగా. కాళ్ళు బొద్దింకవే. కానీ వీపు మీద కోటే లేదు. రెక్కలే లేకపోతే అంచు ఏది, కుట్టు ఏది? నాకేమీ అంతు పట్టలేదు.

ఆయనకిచ్చాను. చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. కార్డు తిప్పారు. నన్ను చూశారు. మళ్ళీ తిప్పారు. చివరికి ఒళ్ళో పెట్టుకున్నారు. కష్టమైన రకం కాబోలు. ఆయన ఎప్పుడూ ఇంతే, తెలియంది తెలిసినట్టు చెప్పరు. దాని మీద ప్రశ్న గుర్తు వేసి పంపాను.

ఎంత లోతుగా ఆలోచించారో!

సెప్టెంబర్ 7

అమ్మాయి వచ్చింది. ఈసారి నేనే కూర్చోబెట్టాను, "ఇవాళ చూడు, కళ్ళారా చూడు," అని. రేకు మూతలు సర్దాను. ఒక్కో కార్డూ ఇచ్చాను. ఒకటి, రెండు, మూడు, అన్నీ చక్కగా పెడుతున్నారు. నేను అమ్మాయి వైపు తిరిగి చూశాను. దాని మొహంలో సంతోషం లేదు. ఏదో నొప్పి పుట్టినట్టుంది.

"ఏమే?"

"అమ్మా. నాన్న కార్డు చూడట్లేదు."

"చూడకుండానే పెడుతున్నారా?"

"నిన్ను చూస్తున్నాడు."

నాకు అర్థం కాలేదు. అది గొంతు తగ్గించి చెప్పింది. "కార్డు ఇచ్చేటప్పుడు నీ కళ్ళు ముందే ఆ మూత మీదికి పోతున్నాయే. నాన్న చెయ్యి గాల్లో తిరుగుతుంది. సరైన మూత మీదికి రాగానే నీ మొహం విచ్చుకుంటుంది. అప్పుడు వదులుతున్నాడు. ఇందాక తేలు దగ్గర చూశాను, నువ్వు ఊపిరి బిగబట్టావు, వెంటనే చెయ్యి పక్కకి జరిపేశాడు."

"నోర్ముయ్."

"అమ్మా..."

"కన్నతండ్రి కాస్త బాగుపడుతుంటే చూసి ఓర్వలేని కూతుర్ని నిన్నే చూశాను. వెళ్ళు. షాపు తెరుచుకో పో."

వెళ్ళిపోయింది.  మేం మాట్లాడుకున్నంతసేపూ ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ ఉన్నారు. చేతిలో ఒక కార్డు అలాగే ఉంది.

సెప్టెంబర్ 8

చిన్నప్పటి నుంచీ దానికి అనుమానం ఎక్కువ.

సెప్టెంబర్ 9

కార్డులు తియ్యలేదు. కోట్ల పని చాలా ఉంది.

సెప్టెంబర్ 11

కార్డులు తియ్యలేదు.

సెప్టెంబర్ 13

పొద్దున్నే ఆయనకి మొహం కడిగి, చొక్కా మార్చి, కుర్చీలో కూర్చోబెట్టి మూతలు పరిచాను. కార్డులు బోర్లా తిప్పి కలిపేశాను. ఒకటి ఆయన చేతికిచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాను. గోడ మీద నేను కొలతలు రాసుకునే సుద్దగీతలున్నాయి. వాటినే చూస్తూ కూర్చున్నాను. రేకు చప్పుడు ఎప్పుడవుతుందా అని చెవులు రిక్కించాను.

చప్పుడు కాలేదు.

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పొయ్యి మీద నీళ్ళు మరిగి మరిగి పొంగాయి. నేను లేవలేదు. ఆఖరికి తిరిగి చూస్తే, ఆయన కార్డుని నా వైపు చాపి పట్టుకుని ఉన్నారు. నేనెప్పుడు తిరుగుతానా అని కాచుకుని ఉన్నారు. నేను తిరగగానే మొహం వెలిగింది.

అది నీటి తేలు. ఆ తోకని చంటిపిల్లయినా పోల్చుకుంటుంది.

అప్పుడు నేను ఒక పని చేశాను. ఎందుకు చేశానో తెలియదు. కావాలని పెంకుపురుగుల మూత వైపు చూశాను. చూసి, నవ్వాను.

ఆయన తీసుకెళ్ళి పెంకుపురుగుల్లో పెట్టారు. పెట్టి నా వైపు చూశారు, బాగా పెట్టానా అన్నట్టు.

ఇంకొకటి ఇచ్చాను. ఇంకో అబద్ధం చూశాను. అక్కడే పెట్టారు.

ఇంకొకటి.

వంటింట్లోకి వెళ్ళి నీళ్ళ పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

సెప్టెంబర్ 14

ఏమీ లేదు.

సెప్టెంబర్ 20

శిష్యుడి దగ్గరికి వెళ్ళాను. అమ్మాయి వచ్చి ఆయన దగ్గర కూర్చుంది. ఆ రోజు మాటల గురించి అదీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వెళ్ళే ముందు దాని తల నిమిరాను, అంతే.

కాలేజీలో ఆయన గది ఇప్పుడు ఆ అబ్బాయిది. బల్ల అదే. సీసాల్లో పురుగులు అవే. వెళ్ళి కూర్చోగానే చెప్పేశాను. "మేష్టారు గుర్తుపట్టినవి అని పంపాను చూడు, అవేవీ ఆయన గుర్తుపట్టినవి కావు నాయనా. నా మొహం చూసి పెట్టారు. వాటిని నమ్మి పుస్తకంలో ఏమీ వేసెయ్యకు. ఆయన పేరు చెడుతుంది."

అతను బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించాడు.

"వెయ్యలేదమ్మా."

"ఇకముందు కూడా..."

"పుస్తకం మేష్టారు ఆసుపత్రిలో ఉండగానే అచ్చుకి వెళ్ళిపోయింది. అంతకుముందే ఆయన అన్నీ పూర్తి చేశారు. మీకు పంపినవన్నీ ఎప్పుడో తేల్చేసిన ఫోటోలు."

నా చూపు సీసాల్లోని పురుగుల మీదికి పోయింది.

"ఆసుపత్రిలో మేష్టారిని చూడ్డానికి వచ్చినప్పుడు జేబులో ఒక నీటి బొద్దింక ఫోటో తెచ్చాను. చూపించాను. తలకిందులుగా పట్టుకున్నారు. అప్పుడే తెలిసింది," అన్నాడు. "మీరు ఫోన్ చేసి ఫోటోలు పంపమన్నారు. మీ గొంతు విన్నాక లేవని అనలేకపోయాను. తప్పే. క్షమించండమ్మా."

"మరి ఆ రెక్కల్లేనిది?"

"అది పిల్లది. నీటి బొద్దింక పిల్ల. ఇంకా రెక్కలు రాలేదు."

కోపం రావాలి. రాలేదు. ఆ అబ్బాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ ఉంటే నేనే లేచి వెళ్ళి వీపు తట్టాను. నన్ను బతికించడానికి అందరూ కలిసి నాకు పని కల్పించారు.

దారిలో చాలాదూరం నడిచాను. బస్సు ఎక్కాలని గుర్తు రాలేదు.

సెప్టెంబర్ 28

కోట్లన్నీ ఇచ్చేశాను. ఇల్లు బోసిగా ఉంది. ఆయన పొద్దున రేకు మూతల వైపు వేలు చూపించారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను.

అక్టోబర్ 5

మడుగుకి వెళ్ళాం. నాకే బుద్ధి పుట్టింది. ఫోటోల్లో కాదు, నీళ్ళలో చూస్తే వేరుగా ఉంటుందేమో అనుకున్నాను. అన్నీ తెలిశాక కూడా అనుకున్నాను. మనిషి ఆశకి సిగ్గు ఉండదు.

అమ్మాయి కారులో దింపింది. శిష్యుడు ముందే వచ్చి ఉన్నాడు, వలా తెల్లటి పళ్ళెమూ పట్టుకుని. బట్టీలు ఆర్పేసి ఉన్నాయి. ఇటుకమట్టి తవ్విన గుంటల్లో నీళ్ళు నిలిచి, ఒడ్డంతా తుంగ. ఇద్దరూ ఆయన్ని చెరో రెక్కా పట్టుకుని గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన గాలి పీల్చారు, గట్టిగా. ఆ గాలి మాత్రం గుర్తుందేమో. ఏమో, ఇక నేను ఏదీ చెప్పలేను.

శిష్యుడు నాచులోంచి వల లాగి పళ్ళెంలో ఒంపాడు. చిన్న చేపలు, నత్తలు. వాటి మధ్యన ఒక నీటి బొద్దింక. వీపంతా గుడ్లు, ముత్యాలు కుట్టిన గుడ్డలా. మగది.

పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టాడు. నేను ఆకాశం వైపు తిరిగాను. నా మొహంలో ఏ ముక్కా ఆయనకి అందకూడదని మేఘాలు చూస్తూ నిలబడ్డాను.

కేక వినిపించింది.

దాన్ని ముందు నుంచి పట్టుకున్నారు. మూతి ఉన్న వైపు నుంచి! దాని మూతి సూదిలాంటిది, గుచ్చితే ప్రాణం పోయినంత నొప్పి. వెనక నుంచి రెండు పక్కలా పట్టుకోవాలని ఎంతమంది పిల్లలకి చెప్పారో. ఇన్నేళ్ళలో ఆయన్ని ఒక్క పురుగూ కుట్టలేదు. పళ్ళెం ఒలికిపోయింది. శిష్యుడు పరుగున వచ్చి విడిపించాడు. అమ్మాయి సీసా నీళ్ళతో వేలు కడిగింది. "విషం కాదు నాన్నా, ఏం కాదు, వాస్తుంది, తగ్గిపోతుంది," అంటూనే ఉంది, ఏడుస్తూనే ఉంది.

ఆయన మా ఎవరినీ చూడలేదు. వేలు చూసుకున్నారు. తరవాత నేల మీద పాకుతున్న ఆ పురుగుని చూశారు. చాలాసేపు చూశారు. అప్పుడు ఆయన మొహంలో ఏదో కూలింది. తనకి తెలిసుండాల్సిందేదో ఇక తెలియదని తెలిసిన మొహం అది. నోరు తెరిచారు. మాట రాలేదు. ఆ ఒక్క మాట కూడా రాలేదు. ఏడవడం మొదలుపెట్టారు.

నేను వెళ్ళి బురదలోనే ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"నాకు తెలుసండీ," అన్నాను. "మీకు తెలియట్లేదని నాకు తెలుసు. నా కోసం పెట్టారు కదూ, ఆ కార్డులన్నీ? ఇక పెట్టక్కర్లేదు. ఇంక ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు."

వాచిన వేలితోనే నా తల మీద చెయ్యి వేశారు. అర్థమై వేశారో, ఊరికే వేశారో. నేను అడగలేదు.

శిష్యుడు ఆ పురుగుని వెనక నుంచి జాగ్రత్తగా పట్టి, మళ్ళీ తుంగలో వదిలాడు. గుడ్లు చెదరలేదట.

అక్టోబర్ 6

వాపు తగ్గింది. నిద్రపోతున్నారు. అమ్మాయికి ఫోన్ చేసి, పై గదులు కడిగించమన్నాను.

అక్టోబర్ 24

అమ్మాయి ఇంటికి మారిపోయాం. ఇక్కడి నుంచి మడుగు దూరమే. అయినా ఉదయం ఆయన లేవకముందే నేనొక్కదాన్నే బస్సెక్కి వెళ్ళాను. ఎందుకంటే ఏం చెప్పను. వెళ్ళాలనిపించింది.

పెద్ద రకం కనిపించింది, నా వేలంత పొడుగుంది. ఇది గుడ్లు వీపున మొయ్యదు. నీళ్ళలోంచి పైకి లేచిన తుంగకాడ మీద పెట్టి ఉన్నాయి, వరసగా, గుండీల పట్టీలా. చూస్తుండగానే మగది నీళ్ళలోంచి కాడ పట్టుకుని పైకి ఎక్కింది. ఒళ్ళంతా కారుతోంది. ఆ తడితో గుడ్ల మీద బోర్లా పడుకుంది. ఎండకి ఎండిపోకుండా తడుపుతోందన్నమాట. మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. నా చెప్పుల్లోకి నీళ్ళు వచ్చేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన లేచి కూర్చుని ఉన్నారు. పక్కన కుర్చీ వేసుకుని మొదటి నుంచీ చెప్పాను. బస్సు, బట్టీలు, తుంగ, కాడ మీద గుడ్లు, అది ఎక్కడం, దిగడం. ఆయన నాలాగ ఊఁ కొట్టలేరు. నా వైపు చూస్తూ విన్నారు. వింటూ వింటూ మధ్యలోనే నిద్రపోయారు.

మిగతాది కూడా చెప్పాను.